పీఠం ముందా, వెనకా

ఆళ్లగడ్డ నుంచి ఆ శిల్పి నంద్యాలలో మా అన్న ఇంటికి వచ్చింది ఒక ఆదివారం. మేం చర్చి నుంచి అప్పుడే వచ్చాం. ఇంకా చొక్కాలు కూడా మార్చుకోలేదు. డెబ్బై దాటిన మనిషి, బస్టాండు నుంచి ఎండలో నడుచుకుంటూ వచ్చాడు. వదిన ఇచ్చిన నీళ్లు తాగి, కాయలు కాచిన చేతులు మోకాళ్ల మీద పెట్టుకొని, వచ్చిన పని నేరుగా చెప్పేశాడు.

"ఇదే నా కడాపటి ఇగ్రహమప్పా. చేతులు వణుకుతాండాయి. ఇంగ ఉలి పట్టను. దీన్ని నువ్వే తీస్కపోవల్ల."

మా అన్న గోడ వైపు చూస్తూ, "నేను బండి ఇడిచిపెట్టి ఎనిమిదేండ్లాయ పెద్దాయనా. ఇంగెవురినన్నా చూసుకో," అన్నాడు.

"ఇంగెవురో అయితే నేను ఈడికెందుకు వస్తా?"

"నా చేత కాదు. నాకు కునుకు పడతాది. నీకు తెలీనిదేముంది?"

పెద్దాయన భోజనం చేసి, ఇంకా నెలకు పైగా పని ఉందని, అందాకా ఎదురు చూస్తానని చెప్పి వెళ్లిపోయాడు. ఆ గదిలో మా అన్న ఒప్పుకోకూడదని దేవుణ్ణి వేడుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. ఎందుకో చెప్పాలంటే ఎనిమిదేళ్లు వెనక్కి పోవాలి. ఆ పని నాకు ఇప్పటికీ ఇష్టం లేదు.

మా అన్నకు ఒక చిన్న లారీ ఉండేది. నీలం రంగుది, నాలుగు చక్రాలది. ఆళ్లగడ్డలో చెక్కే విగ్రహాలను ఊళ్లకు చేరవేయడం ఆయన పని. మేం చర్చికి పోయేవాళ్లం. బండి అద్దం మీద సిలువ బొమ్మ ఉండేది. విగ్రహం ఎక్కించాక శిల్పులు బంపరుకు నిమ్మకాయలు కట్టి, బొట్టు పెట్టేవాళ్లు. ఆయన అదీ కాదనడు, ఇదీ కాదనడు. ఒకసారి మా పాస్టరుగారు ఇదేంటని అడిగితే, "విగ్రహానికి కండ్లు తెరిచేది గుళ్లో, ప్రతిష్ఠ నాడు. అందాకా అది రాయే అయ్యగారూ. నేను మోసేది రాయి," అన్నాడు. మా అన్న నోరు అట్లాంటిది. గుడి పెద్దలకైనా, చర్చి పెద్దలకైనా ఒకటే జవాబు.

బరువు ఎక్కించే విషయంలో ఆయనకు ఒక పద్ధతి ఉండేది. విగ్రహం వేరు, అది నిలబడే పీఠం వేరు. పీఠం పొట్టిగా ఉంటుంది గాని దాని బరువు దిమ్మ తిరిగే బరువు. దాన్ని ఎప్పుడూ క్యాబిన్‌కు ఆనించి ముందు వేసేవాడు. దాని వెనక వరిగడ్డి పరిచి, ఇసుక మూటల మధ్య విగ్రహాన్ని వెల్లకిలా పడుకోబెట్టేవాడు. తల ముందుకు, పాదాలు వెనక్కి. "బరువు నా ఈపుకు ఆనుకోని ఉండల్ల. అప్పుడే స్టీరింగు చెప్పినట్ల యింటాది," అనేవాడు.

ఎనిమిదేళ్ల కిందట వేసవి సెలవుల్లో నేనూ ఆయనతో ఆళ్లగడ్డ వెళ్లాను. నేను బడిలో సైన్సు చెప్పే పంతుల్ని. సెలవుల్లో పనేమీ లేక, పెద్దమనిషిలా నిలబడి చూడటానికి పోయాను. విగ్రహం తీసుకుపోవడానికి పాములపాడు పక్క పల్లె నుంచి గుడి పెద్దలు కారులో వచ్చారు. మా అన్న పీఠాన్ని ముందు వేయించి, మిగతా పని నాకు అప్పజెప్పి, మెస్సుకు భోజనానికి పోయాడు.

ఆ పెద్దల్లో ఒకాయన బండి దగ్గరికి వచ్చి చూసి, "దేవుని తలకాడ పీఠమేంది సార్? పీఠం ఉండేది పాదాల కింద గదా?" అన్నాడు. అని, ముందు అద్దం మీద ఉన్న సిలువ వైపు ఒక్క చూపు చూశాడు.

ఆ చూపుతో నా మొహం కాలిపోయింది. మేం చర్చివాళ్లం కాబట్టి మాకు మర్యాద తెలియదనుకుంటాడేమో, బయట నలుగురికీ అట్లాగే చెబుతాడేమో అనిపించింది. బహుశా ఆయన అట్లాంటిదేమీ అనుకోలేదు. అంతా నా బుర్రలోనే. శిల్పి మనుషుల్ని కేకేసి, పీఠాన్ని దించి, బండి కొసకు, పాదాల పక్కకు మార్పించాను. పైన గడ్డి కప్పి, టార్పాలిన్ కట్టించాను. మా అన్న వచ్చేటప్పటికి తాళ్లు కూడా బిగించేశారు. ఆయన తాళ్లు లాగి చూసి, ముడులు చూసి, బండెక్కాడు. పీఠం మార్పించానని నేను చెప్పలేదు. చెబితే అందరి ముందూ నన్ను తిడతాడని భయం. అంతే కారణం. ఇంత చిన్న కారణం.

నేను గుడి పెద్దలతో కారులో వెనక వస్తున్నాను. శిరివెళ్ల దాటాక ఒక కాలువ వంతెన ఎక్కుతుండగా, బండి మూతి పైకి తేలినట్టయి, పక్కకు జరిగి, గోడను గుద్దుకొని ఒరిగిపోయింది. మా అన్నకు మెడ దగ్గర ఎముక విరిగింది. విగ్రహం కుడి చెయ్యి మణికట్టు దగ్గర తెగిపోయింది. చెయ్యి విరిగిన విగ్రహానికి పూజ చేయరు. పెద్దాయన అదంతా మళ్లీ మొదటి నుంచి చెక్కాల్సి వచ్చింది.

ఆసుపత్రిలో మా అన్న అన్న మొదటి మాట, "స్టీరింగు తేలిపాయరా. చేతిలో ఏం లేకుండా పాయ."

ఆ మాట విన్న క్షణంలోనే నాకు అర్థమైంది. ఎనిమిదో తరగతి పిల్లలకు నేను ఏటా చెప్పే పాఠమే అది. మీటకు ఒక ఆధారం ఉంటుంది. ఆధారానికి అవతల బరువు వేస్తే ఇవతలి కొస లేస్తుంది. వెనక చక్రాలు ఆధారం. వాటికి అవతల, కొసన, పీఠం వేయించింది నేను. ముందు చక్రాలు నేలను గట్టిగా పట్టుకోలేదు. వంతెన ఎత్తు దగ్గర పూర్తిగా తేలిపోయాయి.

నోరు తెరిచేలోగా మంచం పక్కన నిలబడ్డ గుడి పెద్ద, "స్టీరింగు యాడైనా తేలతాదా? మధ్యాన్నం భోంచేసి కూచుంటే కునుకు పట్టేది మనకే తెలీదప్పా," అన్నాడు. జాలిగానే అన్నాడు. అందరూ తలూపారు. నేనూ ఊపాను. పరామర్శకు వచ్చిన ప్రతివాడూ అదే మాట అంటుంటే, వారం తిరిగేసరికి మా అన్న కూడా, "పట్టినట్టే ఉండాది," అనేశాడు.

అప్పట్నుంచి ఆయనకు తన కళ్ల మీద నమ్మకం పోయింది. స్టీరింగు ముట్టలేదు. బైకు అమ్మేశాడు. విత్తనాల గోడౌను గేటు దగ్గర పగటి పని చూసుకుంటూ, అక్కడా కుర్చీ వేసుకోకుండా నిలబడే ఉండేవాడు. చర్చిలో ప్రసంగం జరిగినంత సేపూ వెనక గోడకు ఆనుకొని నిలబడేవాడు, కూర్చుంటే ఎక్కడ కునుకు పడుతుందో, ఎవరు చూస్తారో అని. మనవరాలు పుట్టినప్పుడు కూర్చొని ఒళ్లోకి తీసుకోమంటే వద్దన్నాడు. "నిద్రలో జారవిడుస్తానేమో," అన్నాడు. వదిన నవ్వింది. నేను లేచి బయటికి పోయాను.

చెప్పొచ్చు కదా అంటారు. మొదటి రోజు చెప్పి ఉంటే నాలుగు తిట్లతో పోయేది. నెల గడిచాక చెబితే నెల రోజులు ఎందుకు దాచావని అడుగుతాడు. ఏడాది గడిచాక అది వేరే తప్పు అయిపోయింది. నోరు పెద్దదని పేరున్న నేను ఈ ఒక్క విషయంలో ఎనిమిదేళ్లు మూగవాణ్ణయ్యాను. ఏటా మీట పాఠం వచ్చినప్పుడు పిల్లల చేత బోర్డు మీద బొమ్మ గీయించి, నేను కిటికీ దగ్గర నిలబడేవాణ్ణి.

శిల్పి వచ్చి వెళ్లిన పది రోజులకు మా అన్న మా ఇంటికి వచ్చి, "రా, బండి చూసొద్దాం," అన్నాడు.

"ఎందుకన్నా ఇప్పుడు?"

"ఆయప్ప నన్ను ఒక్క మాట అన్ల్యా. ఏడు నెలలు మల్లా చెక్కినాడు, ఒక్క మాట అన్ల్యా. కడాపటిది అడిగినాడు గదరా."

బండి నూనెపల్లె అవతల మా చిన్నాన్న కళ్లంలో ఉంది. ప్రమాదం తర్వాత రేకు వంపులు తీయించి అక్కడ నిలబెట్టిందే, మళ్లీ కదల్లేదు. సర్కారు కంప చక్రాల మధ్య నుంచి లేచి, బాడీ పలకల సందుల్లోంచి పైకి వచ్చింది. నాలుగు టైర్లూ నేలకు అతుక్కున్నాయి. సీటును ఎలుకలు తినేశాయి, వైర్లు కొరికేశాయి. బానెట్ ఎత్తితే లోపల పాము కుబుసం. నీలం రంగు ఎక్కడా కనిపించదు, అంతా తుప్పు. ఇది కదలదని నాకు గట్టి నమ్మకం కలిగింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఎంతో సంతోషం వేసింది.

మా అన్న మాత్రం చెయ్యి చాచి బానెట్ మీద పెట్టి, కాసేపు అట్లాగే ఉన్నాడు. మరుసటి రోజు కొడవలి తెచ్చి కంప కొట్టడం మొదలుపెట్టాడు.

మెకానిక్ ఆ పక్కనే షెడ్డు పెట్టుకున్న భాయి. పాత డీజిలు బండ్లంటే ఆయనకు ప్రాణం. బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఇంజను బతికే ఉంటాదన్నా. మిగతాదంతా ఖరాబు," అన్నాడు. చెప్పినట్టే ట్యాంకులో డీజిలు జిగురై గడ్డ కట్టింది. దాన్ని దింపి కడిగారు. ఫిల్టర్లు, రబ్బరు పైపులు, బ్యాటరీ కొత్తవి వేశారు. క్లచ్చు ప్లేటు తుప్పుతో అంటుకుపోతే గొలుసు కట్టి లాగి విడిపించారు. బ్రేకులు నాలుగు చక్రాలకూ విప్పి మళ్లీ బిగించారు. మా అన్న గేటు పనికి సెలవు పెట్టి, పొద్దున నుంచి సాయంత్రం దాకా నూనె మరకలతో బండి కిందే ఉన్నాడు. నేను బడి అయిపోగానే వెళ్లి లైటు పట్టుకునేవాణ్ణి. సాయం చేయడానికి కాదు, ఏం బయట పడుతుందో చూడటానికి.

పదిహేనో రోజు బయట పడింది. భాయి వెనక చక్రాల దగ్గర బండి బరువు మోసే కమాను పట్టీలు చూస్తూ, లైటు ఇంకా దగ్గరికి పెట్టమన్నాడు. పెట్టాను. పెద్ద పట్టీ ఒకటి చిట్లి ఉంది.

"అన్నా, ఇది ఎనక పక్క పగిలింది. చాసీ కొసన కూడా వంగింది చూడు. ఎనక శానా బరువేసినట్టుండారే?"

మా అన్న పడుకొనే తల తిప్పి చూశాడు. "ఎనక నేనేం ఎయ్యను భాయ్. పీఠం ఎప్పుడూ ముందరే."

"ఏసినట్టే ఉండాదన్నా. ఇనుము అబద్ధం చెప్పదు."

నా చేతిలో లైటు ఊగింది. "సరిగ్గా పట్టుకోరా," అని కసిరాడు మా అన్న. పట్టుకున్నాను. ఆయన చాలా సేపు ఆ పట్టీనే చూస్తూ ఉండిపోయాడు. ఇప్పుడు అడుగుతాడు, నా వైపు తిరిగి అడుగుతాడు అనుకున్నాను. కాని తప్పు తనదేనని ఎనిమిదేళ్లు నమ్మిన మనిషి ఇంకో వైపు వెతకడం మరిచిపోయాడు. "గోడ గుద్దినప్పుడు పగిలింటాదిలే," అని పక్కకు దొర్లాడు. భాయి భుజాలెగరేసి కొత్త పట్టీ తెప్పించాడు.

ఇంజను తిరిగింది ఒక శనివారం. పైపుల్లో ఇరుక్కున్న గాలి తీసేసి, భాయి తాళం తిప్పితే మూడుసార్లు గరగరమని ఆగిపోయింది. నాలుగోసారి నల్లటి పొగ కక్కి, దగ్గి, ఊగి, నిలదొక్కుకుంది. షెడ్డులో ఉన్నవాళ్లంతా ఈలలు వేశారు. మా అన్న కళ్లు తుడుచుకున్నాడు. నాకు కూడా ఏడుపొచ్చింది గాని, అది వేరే ఏడుపు.

బండికి మళ్లీ నీలం రంగు వేయించాం. ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు, మిగతా కాగితాలన్నీ అయ్యాయి. అప్పటిదాకా బండిని నడిపింది భాయే. ఆళ్లగడ్డకు పోవాల్సిన రోజు పొద్దున మా అన్న స్టీరింగు ముందు కూర్చొని, నన్ను పక్కన ఎక్కమన్నాడు. జేబులోంచి పచ్చిమిరపకాయలు తీసి ముందు పెట్టుకున్నాడు.

"దారి పొడుగునా మాట్లాడతానే ఉండు. నువ్ ఆపినావంటే నేను బండి ఆపేస్తా. నన్ను నమ్మొద్దు."

నంద్యాల దాటేదాకా మా హెడ్మాస్టరు మీద చాడీలు చెప్పాను. తర్వాత మా ఆవిడ మోకాళ్ల నొప్పులు, పక్కింటి వాళ్ల కుక్క, ఈ ఏడు వానలు. ఆయన బండిని ముప్పై దాటనివ్వడం లేదు. రెండు చేతులతో స్టీరింగును అదిమి పట్టుకున్నాడు. కళ్లు బయటికి పొడుచుకు వచ్చినట్టున్నాయి. అప్పుడప్పుడూ మిరపకాయ కొరుకుతున్నాడు. వెనక బస్సులు హారన్లు కొట్టి తిట్టుకుంటూ దాటిపోతున్నాయి. నేను వాగుతూనే ఉన్నాను, నాలుక చివర ఉన్న ఒక్క మాట తప్ప లోకంలోని మాటలన్నీ.

కాలువ వంతెన కనిపించగానే నా నోరు ఆగిపోయింది. ఆయన చటుక్కున బ్రేకు తొక్కి, బండి పక్కకు తీసి ఆపేశాడు.

"ఎందుకు ఆపినావ్? నిన్ను అదొక్కటే గదరా అడిగింది!"

"ఏం చెప్పాలో తోచలేదన్నా."

"ఏదో ఒకటి చెప్పు. బళ్లో మీ పిల్లోళ్లకు చెప్పే పాఠమన్నా చెప్పు."

కాంతి గురించి చెప్పాను. అద్దం మీద పడిన కిరణం ఏ కోణంలో వస్తే ఆ కోణంలోనే తిరిగిపోతుందని చెప్పాను. ఎనిమిదో తరగతిలో తప్పినవాడు, మా అన్న, ముందున్న రోడ్డు మీంచి చూపు తిప్పకుండా "ఊ, ఊ" అంటూ శ్రద్ధగా వింటూ వంతెన దాటాడు. నా మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు.

ఆళ్లగడ్డలో పెద్దాయన మా కోసం గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మా అన్నను చూసి నవ్వి, బండి బానెట్‌ను అరచేత్తో తట్టాడు. విగ్రహం పాణ్యం దగ్గర పల్లెకు పోవాలి. ఆ ఊరి గుడి పెద్దలు నలుగురు అప్పటికే వచ్చి ఉన్నారు. వాళ్లలో వయసు మళ్లిన ఒకాయన మెళ్లో తువ్వాలు వేసుకొని అంతా దగ్గరుండి చూసుకుంటున్నాడు. మూడు కాళ్ల స్టాండుకు గొలుసు కప్పీ వేలాడదీసి, దాని కిందికి బండిని వెనక్కి తెచ్చి పెట్టాం. ముందుగా పీఠానికి గొలుసు కట్టారు.

మా అన్న, "ముందరికి, క్యాబినుకు ఆనించండి," అన్నాడు.

తువ్వాలు పెద్ద వెంటనే, "అట్లెట్ల? దేవుని తలకాడ పీఠం పెడతారా? పాదాల పక్కే పెట్టల్ల గదా!" అన్నాడు.

ఆ మాట ఈసారి వేరే ఊరి మనిషి అంటున్నాడు. ఎవరైనా అనే మాటే అది. మా అన్న పాత మా అన్న అయ్యుంటే, బండి నీదా నాదా అని ఒక్క అరుపు అరిచి ఉండేవాడు. ఈయన తల దించుకొని, "మీరెట్ల చెప్తే అట్లే చేద్దాం," అన్నాడు.

"వద్దు!" అన్నాను నేను. అందరూ తిరిగి చూశారు. "ముందే వేయండి. బండికి అదే మంచిది."

"ఎందుకు సార్?" అన్నాడు తువ్వాలు పెద్ద.

"బరువు... టైర్లు పాతవి..."

"టైర్లు కొత్తవే గదా?"

మా అన్న నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఏం కాదులేరా. వాళ్ల మాట యినుకుందాం. ముందరైనా ఎనకైనా బండి నడుస్తాది. నేను మేలుకొని ఉంటే సాలు."

కప్పీ గొలుసు లాగుతున్నారు. పీఠం నేల వదిలింది. బండి కొస వైపు మెల్లగా ఊగుతూ వస్తోంది. ఇంకో రెండు నిమిషాల్లో దాన్ని దించేస్తారు. తాళ్లు కడతారు. ఆయన మిరపకాయ కొరుకుతూ, కళ్లు పెద్దవి చేసుకొని, నిద్ర పట్టకుండా చూసుకుంటూ అదే వంతెన ఎక్కుతాడు. పక్కన నేను కాంతి పాఠం చెబుతూ ఉంటాను.

వెళ్లి గొలుసు పట్టుకున్నాను. "ఆపండి," అన్నాను. "అన్నా, ఆ రోజు పీఠం ముందు లేదు. నువ్వు భోజనానికి పోయినప్పుడు నేను కొసకు మార్పించాను. ఇదే మాట ఆ రోజు ఇంకొకాయన అన్నాడు. నేను మార్పించాను. నీకు చెప్పలేదు. అందుకే స్టీరింగు తేలింది. నువ్వు ఆసుపత్రిలో ఆ మాట అనగానే నాకు తెలుసు."

పెద్దాయన నన్నే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత పక్కనున్న రాతి మీద కూర్చుండిపోయాడు. మా అన్న మొహంలో కోపం వస్తుందని చూశాను. రాలేదు. ఏదో లెక్క కుదరనివాడిలా కనుబొమలు ముడిచాడు.

"అయితే నేను నిద్రపోల్యా?" అన్నాడు.

నేను గొలుసు పట్టుకొనే ఉన్నాను.

"రేయ్, చెప్పు. నేను నిద్రపోల్యా?"

"లేదన్నా. నువ్వు నిద్రపోలేదు."

ఆయన నా వైపు చూడకుండా పక్కకు తిరిగాడు. కొట్టం అవతలున్న కుళాయి దగ్గరికి పోయి, నీళ్లు తిప్పి, ఆ నీళ్లు పారుతుంటే చూస్తూ మా వైపు వీపు పెట్టి నిలబడ్డాడు. మొహం కడుక్కోలేదు. భుజాలు మాత్రం కదిలాయి. నేను అటు పోబోతే పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టాడు. మా అన్న నన్ను కొడితే బాగుండుననిపించింది. ఆయన నన్ను ఎప్పుడూ కొట్టలేదు, చిన్నప్పుడు కూడా.

తిరిగి వచ్చినప్పుడు నేరుగా తువ్వాలు పెద్ద దగ్గరికి వెళ్లాడు.

"పీఠం ముందర పోతాది. ఇష్టమైతే ఎక్కిచ్చండి, లేకుంటే ఇంగో బండి చూసుకోండి. కండ్లు తెరిచేదాకా అది రాయే గదప్పా. రాయికి బరువే గాని మర్యాద లేదు."

ఎనిమిదేళ్ల తర్వాత ఆ గొంతు విన్నాను. తువ్వాలు పెద్ద బిత్తరపోయి పెద్దాయన వైపు చూశాడు. "డ్రైవరు చెప్పినట్టే కానీండి," అన్నాడు పెద్దాయన. పీఠం గాలిలో గుండ్రంగా తిరిగి ముందుకు పోయి, క్యాబిన్‌కు ఆనుకొని దిగింది. మా అన్న బండెక్కి ప్రతి ఇసుక మూటనూ తానే సర్దాడు, ప్రతి ముడినీ తానే వేశాడు. ఎవరినీ ముట్టనివ్వలేదు. నేను తాడు కొస అందిస్తే, నా చేతిలోంచి తీసుకోకుండా ఇంకోవైపు నుంచి ఇంకో తాడు తీసుకున్నాడు.

పెద్దాయన నిమ్మకాయలు కట్టి, బానెట్ మీద బొట్టు పెట్టాడు. మా అన్న స్టీరింగు ముందు కూర్చున్నాడు. మిరపకాయలు తీసి కిటికీలోంచి పారేశాడు. నేను అటు తలుపు తీసి మెట్టు మీద కాలు పెట్టాను.

"దిగు," అన్నాడు. "నువ్ బస్సుకు రా."

"దారిలో మాట్లాడటానికి..."

"నాతో ఎవురూ మాట్లాడే పనిల్యా."

దిగాను. బండి కదిలింది, మలుపు తిరిగి నంద్యాల రోడ్డెక్కింది, ఏమాత్రం తడబడకుండా పోయింది. సాయంత్రానికి విగ్రహం క్షేమంగా చేరిందని పెద్దాయనకు ఫోను వచ్చిందట. ఆ సంగతి నాకు వదిన చెప్పింది.

ఆ తర్వాత మా అన్న గోడౌను పని మానేశాడు. ఇప్పుడు వారానికి రెండు మూడుసార్లు ఆళ్లగడ్డ పోతాడు. ఇంటికి పోతే భోంచేశావా అని అడుగుతాడు, పిల్లల చదువులు అడుగుతాడు. ఆ రోజు మాట ఇద్దరమూ ఎత్తం. నా బడి ఆళ్లగడ్డ రోడ్డు మీదే ఉంది. పొద్దున నేను బస్సు కోసం నిలబడి ఉన్నప్పుడు ఆ నీలం బండి అప్పుడప్పుడూ నా ముందు నుంచే పోతుంది. ఆయన నన్ను చూస్తాడు. హారన్ కొడతాడు. ఆపడు.